రెండుగా కనిపిస్తుంటే: కంటి కండరాల ఆపరేషన్‌కు ఎలా సిద్ధపడాలి

నేను తెనాలిలో జాకెట్లు కుడతాను. స్కూటరు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలాక, చేతిలోని సూది ఒకటిగానే కనిపించేది కానీ, తలెత్తితే వీధిలో ఆటో రెండయ్యేది. ఎడమవైపు చూస్తే ఆ రెండూ ఇంకా దూరం జరిగేవి. తెలియక కళ్లజోడు రెండుసార్లు మార్పించి డబ్బు పోగొట్టుకున్నాను. మీరు ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది. ఏది మూసినా ఒకటిగానే కనిపిస్తే, రెండు కళ్లూ ఒకే చోటికి తిరగడం లేదని అర్థం. ఒక కన్ను మూసినా రెండుగానే ఉంటే కారణం శుక్లం లాంటిది కావచ్చు. దానికి కండరాల ఆపరేషన్ పనికిరాదు. ఇది హఠాత్తుగా మొదలై, రెప్ప వాలడం, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడటం తోడైతే పరీక్షలతో కాలయాపన చేయకుండా వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మెల్లకన్ను నిపుణులను కలవండి. చాలా ఆసుపత్రుల్లో వాళ్లు పిల్లల కంటి విభాగంలో ఉంటారు. పెద్దవాళ్లం అక్కడ కూర్చోవడానికి మొహమాటపడకూడదు. పాత ఫొటోలు తీసుకెళ్తే మెల్ల ముందునుంచీ ఉందా, కొత్తగా వచ్చిందా అన్నది తేలుతుంది.

నాకు దెబ్బతిన్నది కంటిని చెవివైపు తిప్పే ఆరో నరం. అది తనంతట తాను కోలుకోవచ్చు కాబట్టి కనీసం 6 నెలలు ఆగమన్నారు. షుగరు, బీపీ వల్ల వచ్చినవాళ్లకు తరచుగా ఆ లోపే తగ్గిపోతుందట. మెల్ల ఎంత ఉందో నెలల తేడాతో తీసిన కొలతలు ఒకేలా ఉండాలి. ఒళ్లు మారుతున్న మనిషికి పాత కొలతతో జాకెట్టు కత్తిరిస్తే ఏమవుతుందో నాకు తెలుసు, అందుకే తొందరపెట్టలేదు. అన్నాళ్లూ ఒక కంటిని కప్పుకున్నాను. మెల్ల తక్కువగా ఉంటే, వెలుతురును పక్కకు వంచి రెండు బొమ్మలనూ కలిపే ప్రిజం అద్దాలతోనే సరిపోవచ్చు, అడగండి. బండి మాత్రం నడపకండి.

ఒక్కో కంటికి ఆరు కండరాలు. నా ఎడమకంట్లో ముక్కువైపు కండరాన్ని విడదీసి, కొన్ని మిల్లీమీటర్లు వెనక్కి జరిపి కుట్టారు. చెవివైపు దాన్ని పొట్టి చేసి బిగించారు. గుడ్డును బయటికి తీస్తారని చాలామంది భయపడతారు. తీయరు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి.

పెద్దవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది, తప్పక అడగండి: సర్దుబాటు కుట్టు. మా కచ్చా కుట్టు లాంటిదే. మత్తు దిగాక, అదే రోజో మర్నాడో, చుక్కలతో కన్ను మొద్దుబార్చి, దూరంగా ఉన్న అక్షరాన్ని చూపిస్తూ ముడిని బిగిస్తారు లేదా వదులుతారు. అప్పుడు మీ నోటి మాటే కొలబద్ద. డాక్టరు సంతోషిస్తారని "ఒకటే కనిపిస్తోంది" అనకండి. నేను రెండుసార్లు "ఇంకా పక్కన నీడ ఉంది" అన్నాను, రెండుసార్లూ ఓపికగా సర్దారు. సర్దేటప్పుడు లోపల లాగినట్టుంటుంది, కడుపులో తిప్పుతుంది, ముందే చెబుతున్నాను.

ఇంటికొచ్చాక కన్ను రెండు మూడు వారాలు ఎర్రగా ఉంటుంది. చుక్కలు మానకండి, తలస్నానం నీళ్లు కంట్లో పడనీయకండి, ఈతకు వెళ్లకండి. నొప్పి తగ్గకుండా పెరిగినా, చీము పట్టినా, చూపు మసకబారినా అదే రోజు చూపించుకోవాలి. కొందరికి రెండో ఆపరేషన్ అవసరమవుతుంది, ఆ మాట ముందుగానే మాట్లాడుకోండి. అన్ని దిక్కులా ఒకటిగా చేస్తామని డాక్టర్లు మాటివ్వరు. ఎదురుగా చూసేటప్పుడు, కిందికి చూసి చదివేటప్పుడు ఒకటిగా ఉండాలన్నదే వారి మొదటి లక్ష్యం. ఎడమవైపు చివరికంటా చూస్తే నాకు ఇప్పటికీ రెండుగానే ఉంటుంది. రోడ్డు దాటేటప్పుడు కళ్లు కాదు, తలే తిప్పుతాను.