ఐలెట్లలో రక్త ప్రవాహం: లెక్క తేడా వస్తే ఎక్కడ వెతకాలి

ఇన్సులిన్, గ్లూకగాన్ తయారయ్యే లాంగర్‌హాన్స్ పుటికలను ల్యాబ్‌లో అందరం ఐలెట్లు అనే అంటాం. క్లోమం బరువులో అవి 1-2 శాతమే. అయినా క్లోమానికి వచ్చే రక్తంలో దాదాపు 10 శాతం వాటికే పోతుంది. ఎలుకల్లో దీన్ని కొలవడానికి ఎక్కువగా వాడేది మైక్రోస్ఫియర్ పద్ధతి. స్వీడన్‌లోని ఉప్సాలాలో లీఫ్ యాన్సన్, క్లేస్ హెలెర్‌స్ట్రోమ్ 1980లలో దీన్ని ఐలెట్లకు పనికొచ్చేలా తీర్చిదిద్దారు.

పద్ధతి ఇదీ. మెడ ధమని గుండా పంపిన కాథెటర్ (సన్నని గొట్టం)తో బృహద్ధమని మొదట్లో సుమారు 2 లక్షల మైక్రోస్ఫియర్లు, అంటే అతి చిన్న పూసలు వదులుతాం. ఒక్కోటి 10 మైక్రాన్లు ఉంటుంది. రక్తం ఎక్కడికి ఎంత పోతే అక్కడి కేశనాళికల్లో ఆ నిష్పత్తిలో ఇరుక్కుంటాయి. అదే సమయంలో తొడ ధమని నుంచి తెలిసిన వేగంతో రక్తం తీస్తాం; దీన్నే రిఫరెన్స్ రక్తం అంటాం. ఉదాహరణకు నిమిషానికి 0.4 మి.లీ. చొప్పున తీసిన శాంపిల్‌లో 800 పూసలు, క్లోమంలో 2000 పూసలు ఉంటే క్లోమ ప్రవాహం నిమిషానికి 1 మి.లీ. అందులో ఐలెట్లలో దొరికినవి 200 అయితే వాటి వాటా 0.1 మి.లీ. ఈ చివరి సంఖ్య ఎంత చిన్నదో గమనించండి. కింద చెప్పే ఇబ్బందులు చాలావరకు అక్కడి నుంచే పుడతాయి.

సమస్య: కుడి, ఎడమ అడ్రినల్ గ్రంథుల లెక్కలు కలవడం లేదు

పూసలు రక్తంలో సమంగా కలిశాయో లేదో చూడటానికి రెండు అడ్రినల్ గ్రంథుల్లోని లెక్కలను పోల్చుతాం. తేడా 10 శాతం దాటితే కలవలేదని అర్థం. కారణం సాధారణంగా రెండిట్లో ఒకటి: పూసలు ఉండకట్టడం, లేదా కాథెటర్ కొన సరైన చోట లేకపోవడం. ఎక్కించే ముందు సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో ఉండలు విడదీసే పరికరం) పెట్టి, వోర్టెక్స్ యంత్రంలో గిరగిరా కలిపి, ఒక చుక్క మైక్రోస్కోప్ కింద చూడండి. కొన ఎక్కడుందో ప్రయోగం అయ్యాక కోసి చూసి రాసుకోండి. కలవని ఎలుక డేటాను పక్కన పెట్టాల్సిందే. సగటులో సర్దుకుంటుందిలే అనుకోవద్దు.

సమస్య: అన్ని అవయవాల్లోనూ ప్రవాహం అసాధారణంగా ఎక్కువ

రిఫరెన్స్ రక్తంలో పూసలు తగ్గాయి. రక్తం తీయడం ఆలస్యంగా మొదలై ఉండవచ్చు, కాథెటర్‌లో గడ్డ కట్టి ఉండవచ్చు, పూసలు సిరంజి గోడకు అంటుకుని ఉండవచ్చు. పూసలు ఎక్కించడానికి కొన్ని సెకన్ల ముందే పంప్ ఆన్ చేసి, నిమిషం దాకా నడపండి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ వాడండి, సిరంజినీ ట్యూబునూ కడిగిన నీళ్లు కూడా లెక్కలో కలపండి.

శాంపిల్ పూర్తిగా చెడిపోయినా అంతా పోయినట్టు కాదు. అడ్రినల్ లెక్కలు కలిస్తే, క్లోమంలోని మొత్తం పూసల్లో ఐలెట్లలో ఎన్ని శాతం ఉన్నాయో చెప్పవచ్చు. దానికి రిఫరెన్స్ రక్తం అక్కర్లేదు. జంతు నైతిక కమిటీకి ఎలుకల సంఖ్య ముందే రాసిచ్చి మొదలుపెట్టిన పని ఇది. ఒక్క ప్రాణి డేటా కూడా ఊరికే పోకూడదు.

సమస్య: క్లోమం లెక్క బాగుంది, ఐలెట్ల లెక్క మాత్రం తక్కువ

ముందు పూసల సైజు చూడండి. పెద్దవైతే ఐలెట్‌లోకి వెళ్లే సన్నని ధమనికలోనే ఆగిపోతాయి, మరీ చిన్నవైతే కేశనాళిక దాటిపోతాయి. తర్వాత, అసలు ఐలెట్లు కనిపిస్తున్నాయా? క్లోమాన్ని ముక్కలు చేసి, గాజు పలకల మధ్య నొక్కి, గడ్డకట్టించి, కరిగిస్తే ఐలెట్లు విడిగా తెలుస్తాయి. ముక్క మందంగా ఉన్నా, కరిగాక ఎండిపోయినా అంచులు పోతాయి.

ఇక గణాంకాల సంగతి. 100 పూసలు లెక్కపెడితే కేవలం యాదృచ్ఛికంగానే సుమారు 10 శాతం తేడా రావచ్చు, 400 అయితే 5 శాతం. అందుకే క్లోమం మొత్తం లెక్కపెట్టండి, నమూనా ముక్కతో సరిపెట్టొద్దు. లెక్కపెట్టేవాళ్లకు అది ఏ గ్రూపు ఎలుకో తెలియకూడదు.

సమస్య: గ్లూకోజ్ ఇచ్చినా ఐలెట్ ప్రవాహం పెరగలేదు

నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది ఇదే, ఎందుకంటే దీన్ని పొరపాటున 'ఫలితం'గా రాసేసే ప్రమాదం ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో గ్లూకోజ్ ఎక్కిస్తే కొన్ని నిమిషాల్లోనే ఐలెట్ ప్రవాహం పెరుగుతుంది. మొత్తం క్లోమ ప్రవాహంలో అంత మార్పు ఉండదు. ఈ స్పందనలో వేగస్ నరానికి పాత్ర ఉంది, దాన్ని కోస్తే పెరుగుదల కనిపించదు. ఆ నరం మెడలో సరిగ్గా మెడ ధమని పక్కనే ఉంటుంది! కాథెటర్ పెట్టే తొందరలో దాన్ని లాగినా, నలిపినా మీరు కొలిచేది సర్జరీ ప్రభావాన్నే. నరాన్ని జాగ్రత్తగా విడదీసి పక్కకు జరపండి.

రెండో అనుమానితుడు మత్తుమందు. జైలజీన్ ఇన్సులిన్ స్రావాన్ని అణచి, రక్తంలో గ్లూకోజ్ పెంచుతుంది. ఐసోఫ్లూరేన్‌తోనూ గ్లూకోజ్ పెరుగుతుంది. ఇంజెక్షన్‌కు ముందే చక్కెర ఎక్కువగా ఉంటే పోల్చడానికి ఏం మిగులుతుంది? ఈ పనిలో బార్బిట్యురేట్ రకం మత్తుమందులు ఎక్కువగా వాడటానికి ఇదొక కారణం. ప్రతి ఎలుకకూ పూసలు వదిలే ముందు రక్తపోటు, శరీర ఉష్ణోగ్రత, గ్లూకోజ్ రాసుకోండి. కంట్రోల్‌గా సెలైన్‌తో పాటు 3-ఓ-మిథైల్ గ్లూకోజ్ కూడా పెట్టుకోండి. కణాలు దాన్ని ఇంధనంగా వాడుకోలేవు కాబట్టి, చిక్కటి ద్రావణం ప్రభావమేదో, గ్లూకోజ్ ప్రభావమేదో వేరుగా తెలుస్తుంది.

సమస్య: డయాబెటిస్ ఎలుకల ఫలితాలు ఒకదానికొకటి పొసగడం లేదు

ఐలెట్ల పరిమాణమే మారిపోయి ఉంటుంది. క్లోమం గ్రాముకు లెక్కిస్తే తక్కువగా కనిపించింది, ఐలెట్ గ్రాముకు లెక్కిస్తే ఎక్కువ కావచ్చు. కణజాల ముక్కల్లో ఐలెట్ల వాటా కొలిచి రెండూ ఇవ్వండి.

సమస్య: ప్రవాహం ఏ దిశలో పోతోందో పూసలు చెప్పడం లేదు

చెప్పలేవు, అది వాటి పని కాదు. దానికి బతికున్న జంతువులో మైక్రోస్కోపీ కావాలి. బయటికి తీసిన క్లోమం చల్లబడితే ప్రవాహం నెమ్మదిస్తుంది, కాబట్టి వెచ్చగా, తడిగా ఉంచండి. ఐలెట్ కేశనాళికలకు రంధ్రాలు ఎక్కువ, చిన్న అణువుల రంగు బయటికి కారి చిత్రం మసకబారుతుంది. రంగు పట్టించిన పెద్ద డెక్స్‌ట్రాన్ (చక్కెర అణువుల గొలుసు) గానీ, రంగు పట్టించిన ఎర్ర రక్తకణాలు గానీ వాడండి. ఒకటి రెండు ఐలెట్లు చూసి దిశ తేల్చొద్దు: ఎలుకల్లోనే కొన్నిటిలో రక్తం మధ్య నుంచి అంచుకు, మరికొన్నిటిలో ఒక చివర నుంచి ఇంకో చివరకు పోవడం కనిపించింది.