కారు బ్యాటరీని ఎప్పుడు కొలవాలి, ఎక్కడ కొలవాలి

నాలుగు రోజులు కదపకుండా ఉంచిన కారు ఒక ఉదయం మొరాయించింది. తాళం తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు, అంతే. ఇంకో బండి నుంచి జంపర్ తీగలు కలిపి స్టార్ట్ చేశాను. అరగంట తిప్పి తెచ్చి, ఇంజిన్ ఆపీ ఆపగానే బ్యాటరీకి మీటరు పెట్టాను. 13.0 వోల్టులు! బ్యాటరీ భేషుగ్గా ఉందని తేల్చేసి, నేరమంతా స్టార్టర్ మోటారు మీదికి నెట్టి దాన్ని విప్పించాను. అది నిక్షేపంగా ఉంది.

ఆ 13.0 బ్యాటరీ బలం కాదు. అప్పుడే ఎక్కిన చార్జి లోపలి పలకల పైపైన మిగిల్చిన పొంగు. పాల మీద పొంగు చూసి గిన్నెలో పాలెన్నో చెప్పలేం కదా. ఆ పొంగు దిగేదాకా ఆగాలి. రాత్రంతా వదిలేసి పొద్దున్నే కొలవడం నా పద్ధతి. అంత ఓపిక లేకపోతే ఇంజిన్ ఆపి హెడ్‌లైట్లు రెండు మూడు నిమిషాలు వేయండి. అవి ఆర్పాక మరో ఐదు నిమిషాలు ఆగి చూడండి.

ఇక్కడ ఒక చిక్కుంది. బానెట్ తెరవాలంటే ముందు తలుపు తీయాలి. తలుపు తీయగానే లోపలి లైట్లు వెలుగుతాయి, కొత్త బండ్లలో కంప్యూటర్లన్నీ మేలుకుంటాయి. అవి తిరిగి నిద్రపోవడానికి కొన్నిటిలో అరగంట దాకా పడుతుంది. అందుకే ముందు రోజు రాత్రే బానెట్ లాక్ వదులు చేసి, బండికి తాళం వేసి వెళ్తాను. బానెట్ కింద లైటు ఉన్న బండి అయితే అది వెలగకుండా చూసుకోవాలి.

ఇక మీటరు. దానిలో ఉన్న చిన్న బ్యాటరీ నీరసిస్తే చాలా మీటర్లు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. తెర మీద బ్యాటరీ గుర్తు వస్తే ముందు దాన్ని మార్చండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. ఎర్ర తీగ వోల్టుల రంధ్రంలోనే ఉందా అని రెండుసార్లు చూడండి. పొరపాటున ఆంపియర్ల రంధ్రంలో ఉంటే మీరు కొలవడం లేదు, బ్యాటరీని షార్ట్ చేస్తున్నారు. చేతికి ఉంగరం, లోహపు గడియారం ఉంటే తీసేయండి. కళ్లకు రక్షణ అద్దాలు పెట్టుకోండి.

మీటరు సూదులు ఆనించాల్సింది క్లాంపుకు కాదు, దాని మధ్యలో ఉన్న సీసపు మొలకు. తెల్లగానో పచ్చగానో బూజులాంటి పొడి పేరుకుంటే తినే సోడా కలిపిన నీళ్లతో కడిగి, తుడిచి, ఆరాక కొలవండి. క్లాంపు, మొల మధ్య సందేహం ఉంటే ఒక సూది మొల మీద, రెండోది అదే క్లాంపు మీద పెట్టి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. అక్కడ అర వోల్టు కనిపించిందంటే బ్యాటరీని తిట్టి లాభం లేదు, ఆ జోడింపే కరెంటును ఆపుతోంది.

బాగా విశ్రాంతి తీసుకున్న మామూలు సీసపు బ్యాటరీ 12.6 గానీ కాస్త పైన గానీ చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే సుమారు ముప్పావు వంతు, 12.2 సగం, 12.0 పావు. 0.2 వోల్టు తేడాకే పావు వంతు చార్జి పోతుంది కాబట్టే ఇంత పట్టింపు. ఏజీఎం రకానికి (ఆసిడ్‌ను గాజునార పొరల్లో పట్టి ఉంచే బ్యాటరీ) నిండు అంకె ఇంకొంచెం ఎక్కువ, 12.8 దాకా ఉంటుంది.

అయితే నిండుగా ఉండటం వేరు, బరువు మోయగలగడం వేరు. పాతబడిన బ్యాటరీ 12.6 చూపిస్తూనే సెల్ఫ్ కొట్టగానే చతికిలపడవచ్చు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరులో కనిష్ఠ అంకెను పట్టుకునే బటన్ నొక్కి సెల్ఫ్ కొట్టించండి. ఆ బటన్ లేని మీటరు తెర మారేలోపే ఇంజిన్ అందుకుంటుంది. 9.6 కన్నా కిందికి పోతే అనుమానించాలి. లోడ్ టెస్టర్ (కావాలని పెద్ద కరెంటు లాగి చూసే పరికరం) ఉంటే, బ్యాటరీ మీద రాసిన సీసీఏ అంకెలో (గట్టి చలిలో ఇంజిన్ తిప్పడానికి అది ఇవ్వగల కరెంటు) సగం ఆంపియర్లు 15 సెకన్లు లాగినా 9.6 కన్నా తగ్గకూడదు. అది 21 డిగ్రీల వేడిమి దగ్గరి లెక్క. సున్నా దగ్గర 9.1 వచ్చినా తప్పు పట్టకండి. సగం ఖాళీ అయిన బ్యాటరీకి ఈ పరీక్ష పెట్టడం అన్యాయం, ముందు చార్జి చేయండి.

చేతిలో ఇమిడే ఎలక్ట్రానిక్ టెస్టర్లు సులువైనవే. కానీ బ్యాటరీ రకం, సీసీఏ విలువ, ఆ విలువ ఏ ప్రమాణంలో ఉందో సరిగా ఎంచుకోకపోతే మంచి బ్యాటరీని కూడా ‘మార్చండి’ అంటాయి.

మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితే లోపలి ఆసిడ్ ఎంత చిక్కగా ఉందో చూపే హైడ్రోమీటర్‌నే నేను ఎక్కువ నమ్ముతాను, ఆరు గదుల సంగతి విడివిడిగా చెబుతుంది కనుక. డిస్టిల్డ్ వాటర్ పోసిన వెంటనే చూడకండి. ఆ నీళ్లు పైనే తేలుతుంటాయి. తేలే గొట్టం గోడకు అంటుకోకుండా చూసి, దానికి పట్టిన బుడగను తట్టి వదిలించి, కన్ను ద్రవమట్టం ఎత్తున పెట్టి చదవండి. నిండు గదిలో సాంద్రత 1.265 ప్రాంతంలో ఉంటుంది. ఒక గదికి, మరో గదికి 0.050 తేడా ఉందంటే ఆ తక్కువ గది పని అయిపోయినట్టే.

స్టార్టర్ విప్పించాక నేను ఊరుకోలేదు, కొత్త బ్యాటరీ కూడా వేయించాను. నాలుగు రోజులు నిలిపితే అదీ పడుకుంది. అప్పుడు చేసిన పని మొదటే చేసి ఉండాల్సింది. పూర్తిగా చార్జి చేసి, నెగటివ్ తీగ విప్పి ఒక రోజంతా ఉంచాను. 12.6 అలాగే ఉంది. తీగ తగిలించి మరో రోజు ఉంచితే 12.4కు దిగింది. అంటే బ్యాటరీ బాగానే ఉంది, బండిలో ఏదో తాగేస్తోంది. చీకటి పడ్డాక చూస్తే డిక్కీ మూత సందులోంచి సన్నటి వెలుతురు గీత. స్విచ్ విరిగి, ఐదు వాట్ల బల్బు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంది. అది రోజుకు పది ఆంపియర్-గంటలు తాగుతుంటే 45 ఆంపియర్-గంటల బ్యాటరీ నాలుగు రోజులు నిలిచిందంటేనే గొప్ప.