బరువు పెంచితే లోలకం నెమ్మదిస్తోందా? ముందు పొడవు కొలవండి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు సైన్సు చెప్పే ఉపాధ్యాయులకు ఇది. చెన్నైలోని తెలుగు టీచర్ల శిక్షణ తరగతుల్లో లోలకం ప్రయోగం చేయించినప్పుడల్లా అవే లోపాలు దాదాపు అదే వరుసలో వస్తుంటాయి. లోలకం కట్టడం, స్టాప్‌వాచ్ నొక్కడం మీకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. కింద ఇచ్చిన అంకెలన్నీ ఒకే అమరికవి: 30 సెం.మీ. దారం, దాని కొసన కొక్కెంలా వంచిన జెమ్ క్లిప్పు, ఆ క్లిప్పుకు ఇనుప వాషర్లు.

ఒక జట్టుకు మాత్రం కాలం పదో వంతు తక్కువ వస్తోంది

లెక్క "ఒకటి" నుంచి మొదలుపెట్టారు. గుండు వదిలిన క్షణంలో "ఒకటి" అంటే, "పది" అనేసరికి అయినవి తొమ్మిది డోలనాలే (అటు వెళ్లి తిరిగి వస్తే ఒక డోలనం). 11.2 సెకన్లు రావలసిన చోట 10.1 వస్తుంది. వదిలేటప్పుడు "సున్నా" అనాలి, అంతే. ఈ మాట ఎన్ని సార్లు చెప్పినా, తేడా రాగానే దారాన్ని, గాలిని, స్టాప్‌వాచ్‌ను అనుమానిస్తారు తప్ప లెక్కపెట్టిన పిల్లవాణ్ణి అడగరు. ముందు వాడి చేత బిగ్గరగా లెక్కపెట్టించి వినండి.

కాలం సరిగ్గా సగం వచ్చిందంటే, అటు వెళ్లడాన్ని ఒకటిగా, ఇటు రావడాన్ని ఇంకొకటిగా లెక్కించారని అర్థం.

ఒకే లోలకం, మూడు సార్లు కొలిస్తే మూడు అంకెలు

ఒక్క డోలనాన్నే కొలుస్తున్నారు. చేతితో నొక్కే గడియారంలో 0.2 సెకన్ల తేడా మామూలే. సుమారు 1.1 సెకన్ల కొలతలో అది పెద్ద దోషం, 20 డోలనాలకు పంచితే లెక్కలోకి రాదు. పాత ఎన్‌సీఈఆర్‌టీ ఏడో తరగతి పాఠం 20 డోలనాలు కొలవమన్నది ఇందుకే. గడియారాన్ని గుండు చివరి స్థానంలో ఆగినప్పుడు కాకుండా, మధ్య గీతను దాటుతున్నప్పుడు నొక్కమనండి, అప్పుడు "సున్నా" కూడా ఆ క్షణంలోనే అనాలి. చివర గుండు తచ్చాడుతుంది, ఎప్పుడు ఆగిందో కన్ను తేల్చుకోలేదు. మధ్యలో రివ్వున దాటిపోతుంది కాబట్టి ఆ క్షణం స్పష్టంగా తెలుస్తుంది. ఫ్యాన్ ఆపమని కూడా ఆ పాఠంలో ఉంది. మే నెల చెన్నైలో ఆ మాట ఎవరూ వినరని నాకు తెలుసు, కనీసం ఆ వరుసలోది ఆపండి.

బరువు పెంచితే కాలం పెరుగుతోంది

అసలు తంటా ఇక్కడే. ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) బరువు మీద ఆధారపడదని బోర్డు మీద రాసి ఉంటుంది. కింద బల్ల మీద మాత్రం ఒక వాషరుకు పది డోలనాలు 11.2 సెకన్లు, అయిదు వాషర్లకు 12.3 సెకన్లు. అప్పుడు టీచరు ఏమంటారంటే, "ప్రయోగంలో ఇలాంటి దోషాలు సహజం, పుస్తకంలో ఉన్నదే రాసుకోండి". పిల్లలు కళ్లారా చూసినదాన్ని కొట్టేసి, చూడనిదాన్ని రాసుకుంటారు.

ఇది చేతి దోషం కాదని ఆ అంకెలే చెబుతున్నాయి. అయిదు వాషర్ల లోలకాన్నే మూడు సార్లు కొలవండి. 12.2, 12.3, 12.4 లాగా ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి. చేతి దోషమైతే ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ రావాలి. ఇక్కడ ఎప్పుడూ ఒకవైపే వస్తోంది, అదీ సెకనుకు పైగా. అంటే బరువుతో పాటు ఇంకేదో మారుతోంది.

మారేది పొడవు. వాషర్లను ఒకదాని కింద ఒకటి దండలా కట్టారేమో చూడండి. మొదటి వాషరు మధ్యభాగం, దారం కట్టిన చోటు నుంచి 31 సెం.మీ. దూరంలో ఉందనుకుందాం. తర్వాతిది ఒక్కోటీ 3 సెం.మీ. కిందికి దిగితే, అయిదింటి గురుత్వ కేంద్రం 37 సెం.మీ. దగ్గరికి చేరుతుంది. లోలకం పొడవంటే దారం పొడవు కాదు, కట్టిన చోటు నుంచి గుండు గురుత్వ కేంద్రం దాకా ఉన్న దూరం. దారం 30 దగ్గరే ఉంది, లోలకం మాత్రం ఆరు సెం.మీ. పెరిగింది. కాలం పెరిగింది ఆ ఆరు సెం.మీ. వల్లే. అందులో బరువు పాత్ర ఏమీ లేదు.

ఇది ఇంతగా దాగి ఉండటానికి కారణం పట్టికే. బరువు ప్రయోగానికి అందరూ గీసే పట్టికలో రెండే గడులు: బరువు, కాలం. పొడవును మాత్రం పైన ఒక్కసారి "30 సెం.మీ." అని రాసి వదిలేస్తారు. మార్చలేదు కాబట్టి మారలేదనే ధీమా. ప్రతి వరుసలోనూ పొడవుకు ఒక గడి పెట్టి, వాషర్లు తగిలించాక మళ్లీ కొలిచి రాయమనండి. రెండో వరుసకు వచ్చేసరికి ఎవరో ఒకరు "టీచర్, ఇది కూడా మారుతోంది" అంటారు. ఆ మాట పిల్లల నోటి నుంచి రావాలి. ఒక్కదాన్నే మార్చి మిగతావాటిని స్థిరంగా ఉంచాలన్న సూత్రం అందరికీ కంఠస్థమే, స్థిరంగా ఉన్నాయో లేదో ప్రతిసారీ చూసుకోవడమే ఎవరికీ అలవాటు లేదు.

సవరణ ఇంకా సులువు. వాషర్లన్నింటినీ ఒకే క్లిప్పుకు, పక్కపక్కనే, గుత్తిలా తగిలించండి. అన్నీ ఒకే ఎత్తులో వేలాడతాయి, కాలం తిరిగి 11.2కు వస్తుంది.

అక్కడితో ఆపకండి, అసలు పాఠం ఇప్పుడే మొదలవుతుంది. దండలా కట్టిన అయిదింటినీ అలాగే ఉంచి, దారాన్ని 6 సెం.మీ. తగ్గిస్తే ఎంత వస్తుందో ముందే అడిగి బోర్డు మీద రాయించండి. తర్వాత కొలిపించండి. బరువు అంతే ఉంది, అయినా కాలం 11.3కు దిగుతుంది. మిగిలిన ఆ 0.1 సెకను, బరువు ఒకచోట ముద్దగా కాకుండా నిలువునా పరుచుకుని ఉన్నందువల్ల. పిల్లలు అడిగితే చెప్పండి, అడగకపోతే పై తరగతులకు వదిలేయండి.

ఇదే లోపం ప్లాస్టిక్ సీసాతో ఇంకో వేషంలో వస్తుంది. ఖాళీ సీసా గురుత్వ కేంద్రం దాదాపు నడుమ ఉంటుంది. పావు వంతు ఇసుక పోస్తే అడుగుకు జారుతుంది, నిండా పోస్తే మళ్లీ నడుముకు వస్తుంది. అందుకే కాలం మొదట పెరిగి, తర్వాత తగ్గుతుంది. ఒక జట్టు బరువు పెరిగితే నెమ్మది అంటుంది, ఇంకో జట్టు వేగం అంటుంది, ఇద్దరూ చూసింది నిజమే. సీసా వాడితే ప్రతిసారీ నిండా నింపండి: ఒకసారి ఇసుక, ఒకసారి బియ్యం, ఒకసారి నీళ్లు.

ఒక్కటి మాత్రం చేయవద్దు. జట్లన్నింటి అంకెలనూ కలిపి సగటు తీయవద్దు. గుత్తి కట్టినవారివి, దండ కట్టినవారివి కలిపితే 11.7 లాంటిదేదో వస్తుంది. అది ఏ లోలకానిదీ కాదు. ముందు ఎవరు ఎలా కట్టారో బల్లల మధ్య తిరిగి చూసి రండి.

ఎక్కువ కోణం నుంచి వదిలితే కాలం పెరుగుతోంది

ఇది లోపం కాదు, నిజంగానే పెరుగుతుంది. 10 డిగ్రీల దగ్గర 0.2 శాతం, 30 దగ్గర 1.7 శాతం, 60 దగ్గర సుమారు 7 శాతం. ఊపు ఎంతున్నా కాలం ఒకటేనని గెలీలియో కూడా అనుకున్నాడు. వృత్తంలో ఊగే లోలకానికి అది కచ్చితంగా వర్తించదని డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 17వ శతాబ్దంలోనే గణితంతో చూపాడు. 60 డిగ్రీల నుంచి వదిలి తేడా పట్టుకున్న పిల్లను మెచ్చుకోండి, మిగతా ప్రయోగాలకు 15 డిగ్రీలు దాటవద్దని చెప్పండి.

పొడవుకు, కాలానికి గ్రాఫు సరళరేఖలా వస్తోంది

28, 30, 32 సెం.మీ. తీసుకుంటే అలాగే కనిపిస్తుంది. 25, 50, 100 తీసుకోండి. పొడవు నాలుగు రెట్లైతే కాలం సుమారు 1 సెకను నుంచి 2 సెకన్లకు, అంటే రెండు రెట్లే అవుతుంది.

గుండు గుండ్రంగా తిరుగుతోంది, లేదా ఊపు త్వరగా చచ్చిపోతోంది

మొదటిది చేతితో నెట్టడం వల్ల. నెట్టకుండా వదలాలి. రెండోది ఆధారం కదలడం వల్ల. పెన్సిలుకు ముడేసి బల్ల అంచున టేపు అంటిస్తే పెన్సిలు కూడా లోలకంతో పాటు ఊగుతుంది. దారాన్ని రెండు రబ్బరు ముక్కల మధ్య నొక్కి, బైండర్ క్లిప్పుతో బిగించండి. నుంగంబాక్కంలో వాతావరణ శాఖ ఆవరణకు వెళ్తే, పాత మద్రాసు అబ్జర్వేటరీ పరికరానికి ఆధారంగా 1792లో నిలిపిన గ్రానైట్ స్తంభం ఇప్పటికీ కనిపిస్తుంది, దాని మీద తెలుగు అక్షరాలు కూడా ఉన్నాయి. ఇదే మద్రాసులో 1821లో అబ్జర్వేటరీ ఖగోళ శాస్త్రవేత్త గోల్డింగ్‌హామ్ సెకన్ల లోలకం (అటు ఒక సెకను, ఇటు ఒక సెకను ఊగేది) పొడవు కొలిచాడు. అది దాదాపు 99.1 సెం.మీ. కదలని ఆధారం కోసం వాళ్లు రాయిని నిలబెట్టారు, మనం బైండర్ క్లిప్పుతో సరిపెట్టుకుందాం.

మిగతావి

దారం సాగడం: నైలాన్ అయితే సాగవచ్చు, నూలు దారం వాడండి. గాలి నిరోధం: ఇనుప వాషర్లకు పట్టించుకోనక్కర్లేదు. బెంగళూరు టీచర్లు కొందరు "మా ఊరు ఎత్తులో ఉంది కదా" అంటారు. సముద్ర మట్టానికి 900 మీటర్ల పైన గురుత్వ త్వరణం తగ్గే మాట నిజమే, కానీ పది డోలనాల మీద ఆ తేడా సెకనులో వెయ్యో వంతో, రెండు వెయ్యో వంతులో. చేతి గడియారానికి అది అందదు. ఆ వంక పెట్టినవారి పట్టికలో పొడవు గడి ఉందో లేదో చూడండి.