నాటకానికి వెళ్తున్నారా? తలుపు దగ్గర నిలబడేవాడి మాట కాస్త వినండి

విజయవాడలో ఈ సాయంత్రం నాటకం ఉందో లేదో తెలుసుకోవడం కష్టం కాదు. పత్రికల జిల్లా పేజీలో ఆనాటి కార్యక్రమాల చిన్న పెట్టె చూడండి. ఎక్కువసార్లు తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రం పేరే ఉంటుంది, కాకపోతే గాంధీనగర్‌లోని హనుమంతరాయ గ్రంథాలయం. గుంటూరు వాళ్లయితే వేంకటేశ్వర విజ్ఞాన మందిరం, బృందావన్ గార్డెన్స్ గుడిలోని అన్నమయ్య కళావేదిక గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, మనకు తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజుల్లో ఎక్కడో ఒకచోట తెర లేవకుండా ఉండదు. టికెట్టు సాధారణంగా ఉండదు. 'అందరూ ఆహ్వానితులే' అని పత్రికలో అచ్చేశారంటే నిజంగానే వెళ్లవచ్చు, మిమ్మల్ని ఎవరూ ఆపరు.

ఆపకపోవడమే నాలాంటివాడికి తలనొప్పి. పగలు బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్టు లెక్కలు రాస్తాను. సాయంత్రం నాటక పోటీలు ఉన్న రోజుల్లో హాలు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్లకు కుర్చీలు చూపిస్తాను. జీతం లేదు, భోజనం పెడతారు. వేదిక నాకు పక్కనుంచి సగమే కనపడుతుంది, ప్రేక్షకులు మాత్రం పూర్తిగా కనపడతారు. కాబట్టి నటన గురించి నన్ను అడగకండి. కూర్చోవడం గురించి అడగండి.

పత్రికలో ఆరు గంటలు అని ఉంటే ఆరింటికి జ్యోతి ప్రజ్వలన మొదలైతే అదృష్టమే. తర్వాత ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు. ఇది తెలిసిన కొందరు కావాలనే ఏడింటికి వస్తారు. ఆ రోజు ముఖ్య అతిథి రాకపోయి సరిగ్గా ఆరున్నరకే తెర లేస్తే, చీకట్లో సెల్‌ఫోను దీపం వేసుకుని వరుసలో పదిమంది కాళ్లు తొక్కేది వీళ్లే. నా సలహా అడిగితే ఆరింటికే రండి, ప్రసంగాలు బయట వరండాలో టీ తాగుతూ వినండి, గంట కొట్టగానే లోపలికి వెళ్లండి. ఆలస్యమైతే దీపాలు ఆరిపోయే దాకా, అంటే రంగం మారే దాకా, తలుపు దగ్గర నాతో పాటు నిలబడండి. రెండు నిమిషాలు నిలబడితే ఎవరికీ ఏమీ కాదు.

కూర్చునే చోటు ఏ నాటకం అన్నదాన్ని బట్టి ఉంటుంది. పోటీ నాటికలకు నాలుగైదు వరుసల వెనక మధ్యలో ఒక బల్ల, దాని మీద చిన్న దీపం, ముగ్గురు పెద్దమనుషులు కనపడతారు. వాళ్లు న్యాయనిర్ణేతలు. వాళ్ల ముందు వరుసలో కూర్చుని తల అటూ ఇటూ తిప్పకండి, వెనక నిలబడి మార్కుల కాగితంలోకి తొంగి చూడకండి. 1885 నుంచి తరతరాలుగా ఆడుతున్న సురభి వాళ్ల ప్రదర్శన ఊళ్లోకి వస్తే మాత్రం పక్క వరుసలు వదిలేసి నడిమికి వెళ్లండి. ఘటోత్కచుడు గాల్లో తేలే చోట పక్కనుంచి చూస్తే తీగలు కనపడతాయి. పిల్లలకు ఆ మాయ మిగలాలంటే మధ్యనే కూర్చోబెట్టాలి.

ఇక అసలు విషయం. చప్పుడు చేయాలా, వద్దా? మా హాలులో దీని మీద రెండు పార్టీలు ఉన్నాయి. మూడో వరుసలో ఎప్పుడూ ఒకే కుర్చీ పట్టుకునే ఒక పెద్దాయన, సుద్దపల్లిలో పుట్టిన ఈలపాట రఘురామయ్య కృష్ణుడి వేషాన్ని చిన్నప్పుడు కళ్లారా చూసినాయన, ఇప్పటి ప్రేక్షకులు శవాల్లా కూర్చుంటున్నారని తిడతారు. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి, నాటికలకు తప్పకుండా వస్తుంది, దగ్గు వినపడినా వెనక్కి తిరిగి చూస్తుంది. ఇద్దరిదీ సబబే. వాళ్లు చూసే నాటకాలు వేరు, అంతే.

పద్యనాటకం ప్రేక్షకుడి గొంతు లేకపోతే నడవదు. తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో పడక సీను, రాయబారం సీను ఆడుతుంటే సగం హాలుకు పద్యాలు నోటికి వచ్చు. నటుడు రాగం తీసి పైస్థాయిలో నిలబెట్టినప్పుడు 'ఆహా' అనకపోతే ఆయనకు అవమానంగా ఉంటుంది. అయితే ఎక్కడ అనాలో తెలియాలి. కొత్తవాళ్లు తప్పకుండా పొరబడే చోటు సీస పద్యం. సీసం నాలుగు పాదాలు అయ్యాక కింద ఒక తేటగీతో, ఆటవెలదో ఉంటుంది. దాన్ని ఎత్తుగీతి అంటారు. నటుడు తన బలమంతా దాచుకునేది దాని కోసమే. నాలుగో పాదం దగ్గర చప్పట్లు మోగిస్తే ఎత్తుగీతి మొదటి మాటలు ఎవరికీ వినపడవు. గుర్తు చెబుతాను: వేదిక పక్కన హార్మోనియం వాయించేవారి చేతులు చూడండి. నటుడి గొంతు ఆగినా ఆయన శ్రుతి వదలకుండా పట్టుకుని ఉన్నారంటే పద్యం ఇంకా ఉంది. నటుడి ఆలాపన ముగిసి, హార్మోనియం ఒక ముక్కాయింపు, అంటే ముగింపుగా వాయించే చిన్న స్వరాల వరుస, వేశాక చప్పట్లు కొట్టండి, ఎంతసేపు కావాలంటే అంతసేపు.

'వన్స్ మోర్' సంగతి. ఇంగ్లీషు నాటకాల నుంచి వచ్చిందో, ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఆ కేక మన పద్యనాటకానికి సొంతమైపోయింది. మామూలు ప్రదర్శనలో నిస్సంకోచంగా అడగండి. పోటీలో మాత్రం నోరు మూసుకోండి. పోటీ నాటకానికి కాలపరిమితి ఉంటుంది, దాటితే మార్కులు పోతాయి. మీరు అభిమానంతో వేసిన కేక మీ నటుడికే శిక్ష అవుతుంది. ఇంకొక చోట కూడా అడగకూడదని నా పట్టుదల. బలిజేపల్లి లక్ష్మీకాంతం హరిశ్చంద్ర నాటకం కాటి సీనులో చంద్రమతి బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే 'వన్స్ మోర్' ఏమిటి? మూడో వరుస పెద్దాయన దీనికి ఒప్పుకోరు. ఏడుపైనా రాగమే కదా అంటారు. నేను ఒప్పుకోను. ఈ వాదన ఇప్పట్లో తేలదు.

సాంఘిక నాటికకు లెక్క పూర్తిగా వేరు. గంట లోపు నడిచే నాటికలో ఒక మాట జారిపోతే కథ దారి తప్పుతుంది. పైగా చాలా చోట్ల నటుల ఒంటికి మైకులు ఉండవు, వేదిక మీద పైనుంచి వేలాడదీసినవీ, అంచున పెట్టినవీ ఉంటాయి. అవి నటుడి మాటతో పాటు మొదటి వరుసలో చిప్స్ పొట్లం చప్పుడునీ హాలంతా వినిపిస్తాయి. హాస్య నాటికలో నవ్వండి, గట్టిగానే నవ్వండి. నవ్వు తగ్గే దాకా ఆగడం నటులకు తెలుసు. కానీ ముందే చూసిన నాటిక అని, రాబోయే మాటను పక్కవాడికి ముందుగా చెప్పకండి. ఈ జబ్బు ఆడామగా తేడా లేకుండా ఉంది.

ఫోను ఆపండి అని మైకులో చెబుతారు, ఎవరూ ఆపరు. మోగితే ఒక ఇబ్బంది. మోగిన తర్వాత బయటికి వెళ్లకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని 'నాటకంలో ఉన్నాను, తర్వాత చేస్తాను' అని మూడుసార్లు చెప్పడం అసలు ఇబ్బంది. వీడియో తీసేవాళ్లకు ఒక మాట: ఫోను తెర వెలుగు మీ వెనక కూర్చున్నవాళ్లకు వేదిక కంటే దగ్గర. చీకటి రంగంలో దీపాలు వేసేవాడు పడిన కష్టం ఆ ఒక్క చదరంతో పోతుంది.

మధ్యలో లేవక తప్పకపోతే కుర్చీని ఒక చేత్తో పట్టుకుని లేవండి. పాత హాళ్లలో మడత కుర్చీలు వదిలేస్తే ఠప్‌మని వెనక్కి కొట్టుకుంటాయి. సరిగ్గా వేదిక మీద నిశ్శబ్దం ఉన్నప్పుడే అది జరగడం నేను చాలాసార్లు చూశాను. లేచి నిలబడి, సీటు మెల్లగా వెనక్కి ఆనిన తర్వాత చెయ్యి తీయండి. మేము ఎన్నిసార్లు నూనె వేయించినా లాభం లేదు.

పిల్లలను తీసుకురండి, భయపడకండి. ఏడిస్తే బయటికి తీసుకువెళ్లి మళ్లీ రండి, తలుపు నేను తీస్తాను. పసిపిల్లల ఏడుపుకు నటులు అలవాటుపడిపోయారు. వాళ్లను బాధపెట్టేది రెండో నాటికకు ఖాళీ అయిన హాలు. పోటీల్లో రోజుకు రెండు మూడు నాటికలు ఉంటాయి. తమ ఊరి బృందం ఆడేసిన వెంటనే బంధువులంతా ఒక్కసారిగా లేచి వెళ్లిపోతారు. తర్వాత ఆడేవాళ్లు విశాఖ నుంచో, కర్నూలు నుంచో సెట్టు సామాను వెంటేసుకుని వచ్చి ఉంటారు. వాళ్ల బంధువులు ఇక్కడ లేరు కదా. కనీసం మొదటి పది నిమిషాలు కూర్చోండి. బాగుంటే మీరే ఉంటారు.

అయిపోయాక మేకప్ గదికి వెళ్లవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఊరికే 'బాగా చేశారు' అంటే నటుడు నమస్కారం పెట్టి మళ్లీ కొబ్బరినూనెతో రంగు తుడుచుకోవడంలో పడతాడు. ఏ మాట దగ్గర, ఏ చూపు దగ్గర మీకు నచ్చిందో చెప్పండి. దూది పక్కన పెట్టేసి మాట్లాడతాడు. స్వీయచిత్రం అడిగేవాళ్లు అతను మొహం కడుక్కోక ముందే అడగాలి, లేకపోతే ఫోటోలో ఎవరో తెలియదు.

రాత్రి పదిన్నర దాటితే సిటీ బస్సులు తగ్గిపోతాయి, కనుక ఆటో సంగతి ముందే చూసుకోండి. వెళ్లేటప్పుడు తలుపు దగ్గర బల్ల మీద ఒక పుస్తకం ఉంటుంది. అందులో మీ పేరు, వాట్సాప్ నంబరు రాస్తే నిర్వాహకులు తర్వాతి ఆహ్వాన పత్రిక పంపుతారు. అంకెలు స్పష్టంగా రాయండి, వాటిని ఎక్కించుకునేది నేనే.