కొండవాలు పట్టాలో జామాయిల్ డబ్బుతో అడవిని తిరిగి పెంచడం

కొండపల్లి, కొండవీడు కొండల అంచున ఒకప్పుడు అడవిగా ఉండి, ఇప్పుడు సర్కారు తుమ్మ, లంటానా కమ్మేసిన పట్టా భూములకు ఈ పద్ధతి పనికొస్తుంది. రిజర్వు ఫారెస్టు హద్దురాయికి అవతల ఒక్క మొక్క కూడా సొంతంగా పెట్టకూడదు. అది అటవీ శాఖ చేయాల్సిన పని.

అడవి మొక్కలు మాత్రమే పెడితే పదేళ్లు చేతి డబ్బు పోతూనే ఉంటుంది. జామాయిల్ మాత్రమే పెడితే అది జామాయిల్ తోటే అవుతుంది, అడవి కాదు. రెండూ సాళ్లుగా కలిపి, జామాయిల్‌ను ముందే గడువు పెట్టిన కూలిమనిషిలా వాడుకోవాలి. బ్రెజిల్ అట్లాంటిక్ అడవి ప్రాంతంలో ఇలా చేసి, నాటడానికైన ఖర్చులో 44 నుంచి 75 శాతం కలప అమ్మకంతో రాబట్టారు. ఆ ఫలితాలు 2020లో ప్రచురించారు. అక్కడి కొలతలు మాత్రం ఇక్కడ దించకండి. మనకు ఏడాదికి పడే వాన సుమారు 1000 మిల్లీమీటర్లు, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే. కాబట్టి ఎడం పెంచాలి.

పని నాటడంతో కాదు, ఏప్రిల్‌లో భూమి చూడటంతో మొదలవుతుంది. నరికేసిన బిల్లుడు, చిరుమాను, తుమికి, సోమి, మోదుగ మోళ్లు మట్టిలో ఇంకా బతికే ఉంటాయి. ఒక్కోదాని పక్కన సున్నం పూసిన కర్ర పాతండి. ఎకరాకు 200 పైన దొరికితే ఆ ముక్కలో కొత్తగా నాటే పనే లేదు. కంచె వేసి, మోడుకు రెండు బలమైన పిలకలు ఉంచి మిగతావి తీసేస్తే చాలు. ట్రాక్టరు పెట్టి మొత్తం దున్నించడమే అందరూ చేసే మొదటి తప్పు. ఉచితంగా ఉన్న అడవిని డబ్బిచ్చి పెకలించినట్టే. లంటానాను పైపైన నరికితే గుబురుగా తిరిగొస్తుంది. గునపంతో మొదలుకు నాలుగైదు సెంటీమీటర్ల కింద వేరు తెంచి, పొద తలకిందులుగా ఎండబెట్టాలి.

కొలతలకు వద్దాం. రెండు జామాయిల్ సాళ్లు 2 మీటర్ల ఎడంతో, సాలులో మొక్కకూ మొక్కకూ 2 మీటర్లు. తర్వాత 4 మీటర్ల బాట. ఆపైన రెండు అడవి సాళ్లు 3 మీటర్ల ఎడంతో, మొక్కకూ మొక్కకూ 3 మీటర్లు. మళ్లీ 4 మీటర్ల బాట. మొత్తం 13 మీటర్ల పట్టీ, ఇదే వరస కొనసాగుతుంది. ఎకరాకు సుమారు 310 జామాయిల్, 207 అడవి మొక్కలు పడతాయి. బాట ఖాళీగా కనిపిస్తోందని అందులో ఇంకో సాలు ఇరికించకండి. కోత రోజున ట్రాక్టరు నడిచేది అక్కడే. వాలు ఉంటే సాళ్లు వాలుకు అడ్డంగా, చదునైతే తూర్పు పడమరలుగా వేస్తే అడవి మొక్కలకు వెలుతురు దక్కుతుంది. వాగుకు 30 మీటర్ల లోపు జామాయిల్ వద్దు. అక్కడ తెల్లమద్ది, కానుగ, నేరేడు పెట్టండి.

జామాయిల్‌కు నర్సరీ క్లోన్ మొక్కలే (గింజ నుంచి కాక మంచి చెట్టు కొమ్మ ముక్కల నుంచి పెంచినవి) తీసుకోండి. లేత ఆకుల ఈనెల మీద, తొడిమల మీద బుడిపెలున్న ట్రేను వెనక్కి పంపండి. అది గాల్ పురుగు, తోటకొస్తే ఎదుగుదల ఆగిపోతుంది. అడవి మొక్కలకు ఏడాది ముందు నుంచే ఏర్పాటు కావాలి. నేరేడు, వేప గింజలు రాలిన వారం పది రోజుల్లో వేయాలి, ఆలస్యమైతే మొలక బాగా తగ్గిపోతుంది. దిరిసెన గింజల మీద మరిగించి దించిన నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టాలి. కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి గింజకు పెంకు గట్టి, మొలక ఆలస్యం. అందుకే నర్సరీల్లో అరుదు, అందుకే పెట్టి తీరాలి. ఏ ఒక్క జాతీ అయిదో వంతు దాటకూడదు. వేప, కానుగ చౌకగా దొరుకుతాయని వాటితోనే నింపేస్తే వచ్చేది రోడ్డు పక్క నీడ, అడవి కాదు.

గుంతలు మే నెలలో తీసి ఎండనివ్వండి. అడవి మొక్కకు అన్నివైపులా 45 సెంటీమీటర్లు, జామాయిల్‌కు 30 చాలు. అడవి గుంతకు 5 కిలోల మాగిన పశువుల ఎరువు, 200 గ్రాముల వేపపిండి. చెదలు ఎక్కువైన నేలలో లీటరు నీటికి 2 మిల్లీలీటర్ల క్లోరిపైరిఫాస్ కలిపి గుంతకు ఒక లీటరు పోయాలి. మట్టి అడుగున్నర లోతు తడిసిన వాన పడ్డాకే నాటాలి, మామూలుగా జులైలో. తొలకరికే తొందరపడితే తర్వాతి ఎండకు అడవి మొక్కలే ముందు పోతాయి.

మొదటి రెండేళ్లు పాదు చుట్టూ మీటరు మేర కలుపు ఉండకూడదు. మేకలు జామాయిల్‌ను దాదాపు ముట్టవు, దిరిసెన లాంటివాటిని మాత్రం నేలమట్టం చేస్తాయి. కంచె ఖర్చు మిగుల్చుకున్నవాళ్లకు చివరికి జామాయిల్ తోటే మిగులుతుంది. కొట్టేసిన సర్కారు తుమ్మ కంపే మంచి కంచె. జనవరికల్లా నిప్పు దాటకుండా చుట్టూ 3 మీటర్ల మంటబాట చెక్కండి. నూనె ఉన్న జామాయిల్ ఆకు ఎండితే నిప్పు ఆగదు.

నాలుగో ఏట, ఫిబ్రవరి మార్చిల్లో మొదటి కోత. అప్పుడు అడవి చెట్లు ఎక్కువ ఆకు రాల్చి ఉంటాయి, దెబ్బ తక్కువ. చెట్టు సాలు వెంటే పడాలి, అడవి సాలు వైపు కాదు. ఈ మాట కోత మేస్త్రీతో తూకం ధర మాట్లాడేటప్పుడే తేల్చుకోండి, నరికాక తేలదు. 10–15 సెంటీమీటర్ల ఎత్తులో ఏటవాలుగా కోస్తే వాన నీరు నిలవదు. మోడుకు రెండు పిలకలు ఉంచండి. తొక్కా కొమ్మలూ పొలంలోనే వదలండి, కాకపోతే అడవి మొక్కల మొదళ్లకు దూరంగా.

ఎనిమిదో ఏట రెండో కోత, అదే ఆఖరు. ఈసారి నేలమట్టానికి కోసి, చిగుళ్లు వచ్చినప్పుడల్లా రెండు నెలలకోసారి రాలగొడుతూ పోవాలి. చివరికి మోడు అలసిపోతుంది. చాలామంది ఇక్కడే జారిపోతారు: పిలకలు బాగున్నాయి, ధర బాగుంది, ఇంకో నాలుగేళ్లు చూద్దాం అంటారు. ఆ ఇంకో నాలుగేళ్లలో అడవి సాలు నీడలో గిడసబారుతుంది. ఖాళీ అయిన జంటసాలులో ఆ వానాకాలమే ఏగిస, నల్లమద్ది, ఉసిరి నాటండి. అడవి చెట్లు పెద్దయ్యాక నరకాలంటే పట్టా భూమైనా అనుమతి కావాలి కాబట్టి, నాటిన రోజు నుంచే సర్వే నంబరుతో ఫోటోలు, మొక్కల రసీదులు దాచుకోండి.