ఒక్క ముక్కే కదా: కుక్కకి అలర్జీ సీజన్ మొదలయ్యే ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

పోయిన వారం మా స్నేహితురాలు ఫోన్ చేసింది. "వీడి చెవి ఉబ్బిపోయిందే, నీళ్ల సంచిలా వేలాడుతోంది, ఒకసారి రావా" అంది. వెళ్లి చూశాను. నాలుగేళ్ల కుక్క, తల ఒక పక్కకి వాల్చుకుని గోడ వారగా కూర్చుంది. ఎడమ చెవి డొప్ప వేలికి మెత్తగా, వెచ్చగా తగిలింది, చిన్న దిండులా పొంగి ఉంది. దురద భరించలేక తల విదిలించి విదిలించి లోపలి రక్తనాళం చిట్లింది, చర్మం కింద రక్తం చేరింది. చివరికి ఆపరేషన్ చేసి కుట్లు వేశారు.

అసలు సంగతి ఆ రాత్రికి బయటపడింది. డాక్టర్ చెప్పిన డైట్ ట్రయల్ ఆరో వారంలో ఉంది (పాత తిండి పూర్తిగా మానిపించి, ఎనిమిది వారాలు కొత్త తిండి ఒక్కటే పెట్టి దురద తగ్గుతుందేమో చూసే పరీక్ష ఇది). దురద చాలా వరకు తగ్గింది, చెవులు శుభ్రపడ్డాయి, పాదాలు నాకడం మానేశాడు. సరిగ్గా అప్పుడే ఇంటికొచ్చిన చుట్టం ఒకాయన రోజూ సాయంత్రం ఎవరూ చూడకుండా బిస్కెట్ ముక్క విరిచి పడేస్తున్నాడట. అడిగితే అదే మాట: "ఒక్క ముక్కే కదా."

గిన్నెలు కడగండి, ఇల్లు ఊడవండి, గోళ్లు కత్తిరించండి అని చెప్పడానికి నేను అక్కర్లేదు. ఏళ్ల తరబడి కుక్కని తిప్పలు పెట్టి, యజమాని జేబు ఖాళీ చేసే తప్పు ఒకటుంది. అది ఈ "ఒక్క ముక్కే కదా". అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ఆ ఒక్క ముక్క ఏం చేస్తుంది

విషమైతే కొంచెం తింటే కొంచెం, ఎక్కువ తింటే ఎక్కువ అనే లెక్క ఉంటుంది. అలర్జీ దగ్గర ఆ లెక్క పనిచేయదు. తనకి పడని ప్రోటీన్ కాస్త తగిలినా చాలు, ఒంట్లోని రక్షణ వ్యవస్థ శత్రువొచ్చాడని లేచి కూర్చుంటుంది. అలా లేచిన దురద గంటల్లో అణగదు, రోజుల తరబడి సాగుతుంది. అంటే వారానికో ముక్క పడినా ఆ కుక్కకి దురద లేని వారమంటూ ఉండదు.

అసలు నష్టం ఆ తర్వాత జరుగుతుంది. ఎనిమిది వారాలయ్యాక మనం లెక్క చూసుకుంటాం. "తిండి మార్చినా తగ్గలేదు, కాబట్టి తిండి కారణం కాదు" అని తేల్చేస్తాం. డాక్టర్‌కీ అదే చెబుతాం. పాపం ఆయన మన మాట మీదే నడవాలి. ఇక అక్కడి నుంచి గాలిలో అలర్జీ, దుమ్ములో అలర్జీ అంటూ మందులు మొదలై ఏళ్ల తరబడి సాగుతాయి. తిండి మార్చుకుంటే బాగయ్యే కుక్క బతుకంతా మాత్రలు మింగుతుంది. ఇలాంటి ఇళ్లు నేను ఒకటికి నాలుగు చూశాను. ప్రతిచోటా ట్రయల్ ఫెయిలైందనే అనుకున్నారు. నిజానికి అక్కడ ట్రయల్ జరగనే లేదు.

ఎనిమిది వారాలే ఎందుకంటే, తిండి అలర్జీ ఉన్న కుక్కల్లో చాలావాటికి ఐదో వారానికే గుణం కనిపిస్తుంది, ఎనిమిది వారాలకి 90 శాతం పైగా కుక్కల్లో తేడా తెలుస్తుంది. మూడో వారంలో ఏమీ తగ్గలేదని మానేయడం పరీక్ష సగం రాసి లేచి వచ్చేయడమే.

రక్తం, లాలాజలం, వెంట్రుకలు పంపితే ఏ తిండి పడదో చెప్పేస్తామనే పరీక్షలున్నాయి. తిండి అలర్జీ విషయంలో వాటిని నమ్మలేం. ఇప్పటికీ నికరమైన దారి ఈ డైట్ ట్రయల్ ఒక్కటే.

ఇంకో అపోహ కూడా వదిలించుకోండి. "వీడు చిన్నప్పటి నుంచీ చికెనే తింటున్నాడు, చికెన్ పడకపోవడమేంటి" అంటారు. అలవాటైన తిండికే అలర్జీ వస్తుంది, ఎందుకంటే ఒళ్లు దాన్ని ముందు గుర్తుపట్టాలి కదా. కుక్కల్లో ఎక్కువగా కనిపించేవి బీఫ్, పాల పదార్థాలు, చికెన్, గోధుమ. ధాన్యం లేని (గ్రెయిన్ ఫ్రీ) ఫుడ్ కొంటే చాలనుకుంటారు గానీ, గొడవ ఎక్కువసార్లు మాంసం, పాల దగ్గరే. పైగా కొన్ని గ్రెయిన్ ఫ్రీ ఫుడ్స్‌కీ కుక్కల్లో గుండె కండరం బలహీనపడే జబ్బుకీ ఏమైనా సంబంధం ఉందా అని అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో పరిశీలన మొదలుపెట్టింది. డాక్టర్ చెప్పకుండా ఆ దారి పట్టకండి.

ట్రయల్ తిండి రెండు రకాలు. ఒకటి, కుక్క మునుపెన్నడూ తినని మాంసం. రెండోది, ప్రోటీన్‌ని ఒళ్లు గుర్తుపట్టలేనంత చిన్న తునకలు చేసిన హైడ్రొలైజ్డ్ ఫుడ్. "పరిమిత పదార్థాలు" అని రాసి ఉన్న మామూలు ప్యాకెట్ తెచ్చి ట్రయల్ చేయకండి. అలాంటి ప్యాకెట్లు కొన్నింటిలో లేబుల్ మీద లేని మాంసాలు పరీక్షల్లో బయటపడ్డాయి. ఇంట్లో వండి పెట్టేట్టయితే కొలతలు డాక్టర్‌నే అడగండి. కుక్కపిల్లల విషయంలో ఈ మాట మరీ ముఖ్యం.

ముక్క ఎక్కడెక్కడ దాక్కుంటుంది

బిస్కెట్ కంటికి కనిపిస్తుంది. కనిపించనివి వేరే ఉన్నాయి. నమిలే నట్టల మాత్రలకి, పిడుదులకి వేసే నమిలే మాత్రలకి మాంసం రుచి కలుపుతారు. కుక్కల టూత్‌పేస్ట్ చాలావరకు చికెన్ రుచితో వస్తుంది. క్యాప్సూల్ తొడుగు చాలావరకు జెలటిన్, అది జంతువుల నుంచి తీసిందే. మాత్ర మింగించడానికి చుట్టే చీజ్, కొరుక్కోవడానికి ఇచ్చే చర్మపు ఎముక, పిల్లి గిన్నె అడుగున మిగిలింది, పసిపిల్లల కుర్చీ కింద రాలింది, ఇవన్నీ ముక్కలే. మందు మానేయమని కాదు. రుచి కలపని మాత్ర గానీ, వీపు మీద వేసే చుక్కల మందు గానీ రాసివ్వమని ట్రయల్ మొదలవకముందే డాక్టర్‌ని అడగండి.

ఇంట్లోవాళ్లని తిట్టి లాభం లేదు. కుక్కకి ఏదో ఒకటి పెట్టకుండా మనిషి చెయ్యి ఊరుకోదు. నేను చేసే పని చెబుతాను. పొద్దున్నే ఆ రోజు ట్రయల్ తిండిలోంచి గుప్పెడు తీసి మూత ఉన్న డబ్బాలో వేసి, తలుపు పక్కన పెడతాను. మీద "వీడికి పెట్టాలనిపిస్తే ఇందులోంచే" అని రాసి ఉంటుంది. వచ్చినవాళ్ల ముచ్చట తీరుతుంది, కుక్క తోకా ఊగుతుంది, ట్రయలూ చెడదు.

ఎనిమిది వారాలయ్యాక పాత తిండి మళ్లీ పెట్టి చూడాలి. "బాగైంది కదా, మళ్లీ గెలకడమెందుకు" అని చాలామంది ఇక్కడ ఆపేస్తారు. కానీ ఈ లోపు పుప్పొడి సీజన్ అయిపోయి తగ్గిందేమో మీకెలా తెలుస్తుంది? పాత తిండితో రెండు వారాల్లోపు దురద తిరిగొచ్చి, ట్రయల్ తిండితో మళ్లీ తగ్గితేనే తిండి దోషం రుజువైనట్టు. ఆ తర్వాత ఒక్కో పదార్థం విడివిడిగా పెట్టి ఏది పడదో పట్టుకోవాలి.

అందుకే ముందే మొదలుపెట్టమంటున్నాను. సీజన్ ముదిరాక ట్రయల్ మొదలుపెడితే తిండి వల్ల తగ్గినా పుప్పొడి ఆ తగ్గడాన్ని కనిపించనివ్వదు. మీ కుక్కకి ఏటా ఏ నెలల్లో దురద పెరుగుతుందో మీకు తెలుసు. వాటికి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టండి. ఏడాదంతా ఒకేలా గోక్కునే కుక్కకైతే ఇవాళే మొదలుపెట్టొచ్చు.

గాలి, దుమ్ము, పురుగులు

పుప్పొడి, బూజు, ఇంటి దుమ్ములోని మైట్స్ (కంటికి కనిపించని పురుగులు) వల్ల వచ్చే అలర్జీ సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య మొదలవుతుంది. పాదాలు, చెవులు, చంకలు, గజ్జలు, మూతి చుట్టూ దురద. లేత రంగు కుక్కలకి నాకి నాకి పాదాల మీద బొచ్చు తుప్పు రంగుకి తిరుగుతుంది. తిండి అలర్జీ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది కాబట్టి చూసి చెప్పేస్తామనేవాళ్లని నమ్మకండి. రెండూ కలిసి ఉండే కుక్కలు కూడా ఉన్నాయి. ఒక్కొక్కటి విడిగా ఓర్చుకునేంతే ఉంటుంది, అన్నీ కలిస్తే గిన్నె పొంగుతుంది. పుప్పొడిని మనం ఆపలేం, మిగతావి తగ్గించగలం.

బయటి నుంచి రాగానే పాదాలు, పొట్ట తడిగుడ్డతో తుడవండి, వేళ్ల సందులు ఆరబెట్టండి. పక్క గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకండి, మైట్స్ చావాలంటే అంత వేడి కావాలి. మందు షాంపూ రాశాక పది నిమిషాలు ఆగాకే కడగండి, వెంటనే కడిగేస్తే డబ్బు మోరీలో పోసినట్టే. నీళ్లు గోరువెచ్చగా చాలు, వేడినీళ్లు దురద పెంచుతాయి. చర్మానికీ, రక్తానికీ చేసే పరీక్షలకి ఇక్కడ పని ఉంది: డాక్టర్ ఈ అలర్జీ అని నిర్ధారించాక, పడనిదాన్నే కొద్దికొద్దిగా ఎక్కించి ఒంటికి అలవాటు చేసే ఇంజెక్షన్ల కోర్సులో ఏమేం కలపాలో తేల్చడానికి. ఆ కోర్సు గుణం చూపడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పడుతుంది.

తోక మొదట్లో, నడుము మీద కొరుక్కుంటుంటే ముందు ఫ్లీస్ (బొచ్చులో దాక్కుని రక్తం పీల్చే చిన్న పురుగులు) సంగతి చూడండి. "ఒక్కటీ కనిపించలేదండీ" అంటారు. నాకి మింగేస్తే ఏం కనిపిస్తుంది? వాటి లాలాజలం పడని కుక్కకి ఒకట్రెండు కాట్లు చాలు. మందు ఆ కుక్కకి ఒక్కదానికే కాదు, ఇంట్లో ఉన్న అన్ని జంతువులకీ వేయాలి. ఫ్లీస్ గుడ్లూ గూళ్లూ ఎక్కువగా ఉండేది కుక్క ఒంటి మీద కాదు, మీ తివాచీలో.

ఇక మిగిలినవి గుర్తొచ్చిన వరసలో చెప్పేస్తాను.

– మీ జలుబు మాత్ర కుక్కకి వేయకండి. అలర్జీ మాత్ర పేరుతో వచ్చే వాటిలో ముక్కు దిబ్బడ తగ్గించే సూడోఎఫెడ్రిన్ కలిసినవి ఉంటాయి, అది కుక్క గుండెని పరుగెత్తించి ప్రాణం తీయగలదు.

– మీ సిరప్ కూడా వద్దు. అందులో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది.

– స్టెరాయిడ్ మీ అంతట మీరు ఆపకండి. మోతాదు మెల్లగా తగ్గించాలి. దాంతో పాటు నొప్పి మాత్ర అసలే వద్దు, కడుపులో పుండ్లు పడతాయి.

– స్టెరాయిడ్ మీద ఉండగా "దురద తగ్గింది, తిండి కుదిరింది" అనుకోకండి. మందు ఆపాక కూడా కొన్నాళ్లు తగ్గే ఉండాలి.

– దురద తగ్గించే ఓక్లాసిటినిబ్ మాత్ర ఏడాది నిండని కుక్కకి వేయరు. పక్కింటి కుక్కకి పనిచేసిందని తెచ్చుకోకండి.

– టీ ట్రీ ఆయిల్ రాయకండి. జింక్ ఉన్న పూత రాయకండి. రాసింది నాకుతుంది.

– ఇంట్లో పిల్లి ఉంటే పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్న కుక్కల మందు ఇంట్లోకి తేకండి. పిల్లి చచ్చిపోతుంది.

– పుల్లటి వాసన, జిడ్డు చర్మం, చెవిలో గోధుమరంగు మడ్డి ఉంటే ఇన్ఫెక్షన్ ఉంది. దాన్ని తగ్గించనిదే ఏ డైటూ పనిచేసినట్టు కనిపించదు.

– చెవిలో ఇయర్ బడ్ పెట్టకండి.

– డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజు స్నానం చేయించకండి. చూడాల్సింది కడిగేస్తారు.

– మీకూ దురద మొదలైతే కుక్కది అలర్జీ కాకపోవచ్చు, గజ్జి కావచ్చు. చూపించండి.

– రోజూ పడుకునే ముందు దురదకి సున్నా నుంచి పదిలో మార్కు వేసి రాయండి. జ్ఞాపకాన్ని నమ్మకండి.

– మూతి వాచినా, కందిరీగ కుట్టాక ఒక్కసారిగా వాంతులు, విరేచనాలు మొదలైనా, చిగుళ్లు పాలిపోయినా, కూలబడినా రేపటిదాకా ఆగకండి. బయలుదేరండి, దారిలో ఫోన్ చేయండి. రాత్రిపూట తెరిచి ఉండే క్లినిక్ నంబర్ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.

– ఒక్క ముక్క కూడా వద్దు. చుట్టం పెట్టినా, పండగైనా, పుట్టినరోజైనా, కుక్క ఎలా చూసినా వద్దు.

– అయినా ముక్క పడిందా? దాచకండి. ఏం తింది, ఎంత తింది, ఏ రోజు అన్నది రాసి డాక్టర్‌కి చెప్పండి. ట్రయల్ ఇంకెన్ని రోజులు సాగించాలో ఆయన చెబుతారు. మా స్నేహితురాలి కుక్క మెడకి ప్లాస్టిక్ కాలర్‌తో, చెవికి కుట్లతో మళ్లీ మొదటి వారం మొదలుపెట్టింది. డబ్బా తలుపు పక్కనే ఉంది. చుట్టం కూడా ఇంకా ఉన్నాడు.