బెలూన్ వదిలే ముందు జీపీఎస్ సంగతి చూసుకోండి

వాతావరణ బెలూన్ 30 కిలోమీటర్లు దాటి పోగలదు. మామూలు జీపీఎస్ మాత్రం 18 కిలోమీటర్ల దగ్గరే నోరు మూసుకోవచ్చు. క్షిపణుల్లో వాడకుండా పెట్టిన పాత కట్టడి ఇది: 18,000 మీటర్ల ఎత్తు, గంటకు సుమారు 1,900 కిలోమీటర్ల వేగం.

- రెండు హద్దులూ దాటితేనే ఆగుతుందా, ఒక్కటి దాటినా ఆగుతుందా? డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూడండి. బెలూన్‌కు అంత వేగం ఉండదు కాబట్టి మొదటి రకమైతే టెన్షన్ లేదు.

- యూ-బ్లాక్స్ కంపెనీ జీపీఎస్ మాడ్యూల్ అయితే మామూలు మోడ్‌లో 12,000 మీటర్లకే చేతులెత్తేస్తుంది. ‘ఎయిర్‌బోర్న్’ మోడ్‌లో పెడితే 50,000 వరకు పనిచేస్తుంది. ఈ సెట్టింగ్ సేవ్ చేయకపోతే కరెంటు పోగానే పోతుంది. అందుకే ఆన్ అయిన ప్రతిసారీ కోడ్ ఆ కమాండ్ పంపాలి, మాడ్యూల్ ఒప్పుకుందో లేదో తిరిగి అడగాలి. చాలామంది పంపి ఊరుకుంటారు, అక్కడే దెబ్బ.

- డాబా మీద పరీక్షించి బాగుందనుకోకండి. అక్కడ ఈ హద్దు బయటపడదు.

- యాంటెన్నా ఆకాశం వైపే ఉండాలి. పైన చలి మైనస్ 50 డిగ్రీలు దాటుతుంది, అందుకే లిథియం ప్రైమరీ (రీఛార్జ్ కాని) సెల్స్ వాడండి.

- విమానయాన అనుమతి చేతికొచ్చాకే గ్యాస్ నింపండి.